‘పెర్నిషస్లీ’: హానికి పెట్టిన ఒక ప్రత్యేకమైన పేరు

ఆంగ్లంలో హానిని తెలిపే క్రియావిశేషణాలకు కొదవ లేదు. హార్మ్‌ఫులీ, అడ్వర్స్‌లీ, డెట్రిమెంటలీ, ఇంజూరియస్లీ, మలీషస్లీ, ఇన్‌సిడియస్లీ, పెర్నిషస్లీ అంటూ వరస సాగిపోతూనే ఉంటుంది. తెలుగులోకి తెచ్చేటప్పుడు వీటన్నిటికీ ‘హానికరంగా’ అన్న ఒక్క మాటే తగిలించి ముందుకు పోవడం మామూలుగా జరిగే పని. పెద్ద తప్పేమీ కాదు కానీ, దానివల్ల ప్రతి మాటా విడిగా చెప్పే సంగతి జారిపోతుంది. ఈ వరసలో చివరిదైన పెర్నిషస్లీ విషయంలో ఆ జారుడు మరీ ఎక్కువ. మిగతా మాటల్లో చాలావరకు హాని జరిగిందనో, జరిపించారనో చెబుతాయి. పెర్నిషస్లీ మాత్రం హాని ఏ తీరున జరుగుతోందో చెబుతుంది. అంతేకాక, పుట్టినప్పుడు దీనికి ఉన్న అర్థానికీ నేడు ఉన్న అర్థానికీ మధ్య కనిపించే దూరం ఈ జాబితాలో మరే మాటకూ లేదంటే అతిశయోక్తి కాదు. హఠాత్తుగా, హింసతో వచ్చే చావును చెప్పడానికి పుట్టిన మాట, ఇవాళ ఏళ్ల తరబడి లోలోపల గుల్ల చేసే కీడుకు పేరైంది.

దీని విశేషణ రూపం పెర్నిషస్. ఉచ్చారణలో ఊనిక రెండో అక్షరం ‘ని’ మీద పడుతుంది, చివరి భాగం డెలీషస్, సస్పీషస్ వంటి మాటల్లో లాగే ‘షస్’ అని పలుకుతుంది. దానికి ‘లీ’ చేరితే క్రియావిశేషణం అవుతుంది. ఈ ‘లీ’ ప్రత్యయం ప్రాచీన ఆంగ్లంలో దేహం, రూపం అన్న అర్థమున్న ‘లీచ్’ అనే మాట నుంచి వచ్చింది. తెలుగులో ‘అగు’ ధాతువు నుంచి వచ్చిన ‘గా’ చేసే పనే ఆంగ్లంలో ఇది చేస్తుంది. విశేషణం లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా 15వ శతాబ్దంలో ఆంగ్లంలోకి చేరింది, క్రియావిశేషణం ఆ తర్వాత దాని వెంటే నడిచింది.

లాటిన్‌లో మూలపదం ‘పెర్నికియేస్’. వినాశనం, సర్వనాశనం, చావు అని దాని అర్థాలు. అందులో రెండు ముక్కలున్నాయి. మొదటిది ‘పెర్’ అనే ఉపసర్గ. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా, పూర్తిగా అన్న భావాన్ని అది చేరుస్తుంది. రెండోది ‘నెక్స్’, అంటే హత్య లేదా హింసతో కూడిన మరణం. ముసలితనంతోనో జబ్బుతోనో వచ్చే సహజ మరణానికి లాటిన్‌లో ‘మోర్స్’ అనే వేరే మాట ఉంది. ‘నెక్స్’ మాత్రం ఒకరు చంపగా కలిగే చావు. కాబట్టి పెర్నిషస్ అనే మాట పుట్టుకలో మెల్లదనం, రహస్యం, లోలోపల పాకడం వంటివేవీ లేవు. ఉన్నదల్లా పూర్తిగా చంపేయడమే.

తెలుగు పాఠకుడికి ఇక్కడ ఒక ఆసక్తికరమైన చుట్టరికం ఎదురవుతుంది. ఈ ‘నెక్స్’ వెనక ఉన్న ఇండో-యూరోపియన్ ధాతువే సంస్కృతంలో ‘నశ్’ ధాతువుగా నిలిచింది. నశించు, నాశనం, వినాశం, నష్టం అన్నీ దాని సంతానమే. గ్రీకులో శవాన్ని చెప్పే ‘నెక్రోస్’ కూడా ఈ కుటుంబానిదే. శరీరంలో కణజాలం చచ్చిపోవడాన్ని వైద్యులు నెక్రోసిస్ అనడం అక్కడి నుంచే వచ్చింది. లాటిన్‌లోనే ఇదే ధాతువు ‘నొకేరే’, అంటే హాని చేయు, అన్న క్రియగా మారింది. ఆంగ్లంలోని నాక్షస్, ఆబ్నాక్షస్, ఇన్నోసెంట్, న్యూసెన్స్ అనే నాలుగు మాటలూ ఆ క్రియ చుట్టూ ఏర్పడినవే. ఇన్నోసెంట్ అంటే మొదట్లో హాని చేయనివాడు. అమాయకుడు అన్న అర్థం తర్వాత వచ్చింది. ‘పెర్’ అనే ఉపసర్గకు కూడా సంస్కృతంలో తోబుట్టువు ఉంది, అది ‘పరి’. పరిపూర్ణం, పరిసమాప్తం వంటి మాటల్లో అది తెచ్చే నిండుదనం తెలిసిందే. ముక్కకు ముక్క పేర్చి చూస్తే, పెర్నికియేస్‌ను ‘పరినాశం’ అనుకోవచ్చు. అలాంటి మాట వాడుకలో లేకపోయినా వినగానే అర్థమవుతుంది.

ఒకే ధాతువు నుంచి వచ్చిన మాటలు కాలక్రమంలో ఎలా చల్లబడతాయో ఈ కుటుంబంలోనే చూడవచ్చు. ‘నష్టం’ అన్న మాటకు మూలంలో నశించినది, కనబడకుండా పోయినది అని అర్థం. ఇవాళ తెలుగులో అది ముఖ్యంగా లాభానికి వ్యతిరేకపదం. ‘మీకేం నష్టం?’ అని అడిగేవారెవరూ అవతలివాడి చావు గురించి అడగడం లేదు. ఆంగ్లంలో న్యూసెన్స్ కూడా అంతే, హాని అన్న బరువైన అర్థం నుంచి దిగి చికాకు దగ్గర ఆగింది. పెర్నిషస్ అలా దిగిపోలేదు. దాని బరువు తగ్గలేదు, వేగం మాత్రం మారింది.

ఉపసర్గల వల్ల జరిగే చిత్రమైన మార్పులకు ఇదే కుటుంబంలో ఇంకో ఉదాహరణ ఇంటర్‌నెసైన్. లాటిన్‌లో దానికి అర్థం చచ్చేదాకా సాగేది, ఊచకోతతో కూడినది అని. ‘ఇంటర్’ అక్కడ తీవ్రతను మాత్రమే సూచిస్తుంది. 1755లో తన నిఘంటువును ప్రచురించిన శామ్యూల్ జాన్సన్ ఆ ‘ఇంటర్’ను పరస్పరం అన్న అర్థంలో తీసుకుని, ఒకరినొకరు నాశనం చేసుకోవడం అని వివరించాడు. ఆ వివరణే నిలిచిపోయింది. ఇవాళ ఒకే పార్టీలోని వర్గాలు కుమ్ములాడుకుంటే ఇంటర్‌నెసైన్ అంటారు. నిఘంటుకర్త పొరపాటు భాషలో ఒప్పుగా స్థిరపడిన అరుదైన సందర్భాల్లో ఇదొకటి.

పెర్నిషస్లీ తొలి రోజుల అర్థాన్ని దగ్గరగా చూడాలంటే ఎనిమిదో హెన్రీ రాజు మీద వచ్చిన నాటకంలో ఒక చోటికి వెళ్లాలి. షేక్‌స్పియర్, జాన్ ఫ్లెచర్ కలిసి రాశారని ఎక్కువమంది విమర్శకులు భావించే ఈ నాటకం 1613లో గ్లోబ్ రంగశాలలో ప్రదర్శితమైంది. ప్రదర్శనలో పేల్చిన ఫిరంగి వల్ల రంగశాల కాలిపోయింది కూడా ఈ నాటకం నడుస్తున్నప్పుడే. రెండో అంకం మొదటి రంగంలో ఇద్దరు పెద్దమనుషులు వీధిలో నిలబడి బకింగ్‌హామ్ ప్రభువుకు పడిన మరణశిక్ష గురించి మాట్లాడుకుంటారు. దాని వెనక రాజు ప్రధాన సలహాదారైన మతగురువు కార్డినల్ ఊల్సీ హస్తం ఉందన్న అనుమానం వారిది. అప్పుడు రెండోవాడు సామాన్య జనమంతా ఊల్సీని ‘పెర్నిషస్లీ’ ద్వేషిస్తున్నారని, అతడు పది ఫాదమ్‌ల లోతున ఉంటే బాగుండునని కోరుకుంటున్నారని అంటాడు. ఫాదమ్ అంటే ఆరడుగులు, అంటే అరవై అడుగుల లోతున సమాధి కావాలని కోరిక. ఇక్కడ పెర్నిషస్లీకి నేటి అర్థం పెడితే వాక్యం కుదరదు. జనం అతణ్ని మెల్లగా, లోలోపల తొలిచేలా ద్వేషించడం లేదు. అతడి చావును కోరేటంత ద్వేషిస్తున్నారు. ‘నెక్స్’ అనే ధాతువు బతికి ఉన్న వాడుక ఇది.

షేక్‌స్పియర్ రాసిన ఒథెల్లో నాటకంలో విశేషణం కనిపించే తీరు వేరు. చివరి అంకంలో, ఒథెల్లో తన భార్య డెస్డిమోనాను అనుమానంతో చంపాక, తన భర్త ఇయాగోయే ఆమె శీలం మీద నింద వేశాడని తెలిసినప్పుడు ఎమీలియా, వాడలా అని ఉంటే వాడి ‘పెర్నిషస్ ఆత్మ రోజుకు అర గ్రెయిన్ చొప్పున కుళ్లిపోవాలి’ అని శపిస్తుంది. గ్రెయిన్ అంటే దాదాపు 65 మిల్లీగ్రాముల తూకం. అందులో సగం చొప్పున రోజూ కుళ్లే వస్తువు పూర్తిగా కుళ్లడానికి ఎంత కాలం పడుతుందో లెక్క వేయనక్కర్లేదు. శాపంలోని నెమ్మది పెర్నిషస్ అన్న మాటకు అర్థం కాదు, పక్కన ఉన్న క్రియది. అయినా, ఇయాగో చేసిన కీడు ఎలాంటిదో గుర్తు తెచ్చుకుంటే ఆ రెండు మాటలూ పక్కపక్కన పడడం యాదృచ్ఛికం అనిపించదు. అతడు చివరిదాకా ఎవరికీ విషం పెట్టలేదు, ఒథెల్లో మీద కత్తి దూయలేదు. చెవిలో ఒక్కో మాటా వేస్తూ వచ్చాడు. నేడు పెర్నిషస్ అనగానే ఆంగ్ల పాఠకుడికి స్ఫురించే కీడు సరిగ్గా ఆ రకానిది.

అర్థం మారిన దారిలో అడ్డంగా వచ్చిన ఇంకో మాటను కూడా ఇక్కడ ప్రస్తావించాలి. లాటిన్‌లో ‘పెర్నిక్స్’ అనే వేరే విశేషణం ఉంది, దానికి చురుకైన, వేగవంతమైన అని అర్థం. దాన్నుంచి కూడా పెర్నిషస్ అనే రూపమే ఏర్పడింది. మిల్టన్ 1667లో వెలువరించిన పారడైజ్ లాస్ట్ ఆరో భాగంలో, తిరుగుబాటు దేవదూతలు ఫిరంగులు తయారు చేసే ఘట్టంలో, ఒక్క తాకిడికే నిప్పందుకునే వత్తిని ఆయన పెర్నిషస్ అన్నాడు. త్వరగా అంటుకునేది అని ఒక అర్థం, వినాశకరమైనది అని రెండోది. రెండూ అక్కడ చక్కగా అమరుతాయి. జాన్సన్ తన నిఘంటువులో ఈ ‘వేగం’ అర్థాన్ని విడిగా ఇస్తూ, అది తనకు మిల్టన్‌లో తప్ప కనిపించలేదని, అయోమయం కలిగిస్తుంది కనుక అనుకరించరాదని రాశాడు. ఆయన మాట చెల్లింది. వేగాన్ని చెప్పే పెర్నిషస్ పూర్తిగా అంతరించింది, నిదానాన్ని సూచించేది మిగిలింది. గమనించదగ్గ సంగతి ఇంకొకటి ఏమిటంటే, జాన్సన్ ఇచ్చిన ప్రధానార్థంలోనూ నిదానం ప్రసక్తి లేదు. అత్యధిక స్థాయిలో కీడు చేసేది, వినాశకరమైనది అని మాత్రమే ఉంది. అంటే 18వ శతాబ్దం నడిమి నాటికి కూడా నిఘంటువు దృష్టిలో ఈ మాట హాని పరిమాణాన్ని కొలిచేదే. ఇప్పటి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులు మాత్రం హానికర ప్రభావం అని చెప్పి ఊరుకోకుండా, ప్రత్యేకించి క్రమంగానో, పైకి తెలియకుండానో కలిగేది అని జోడిస్తున్నాయి.

ఈ మార్పు ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు ఒక్క కారణం చూపి తేల్చేయడం కుదరదు. ఆంగ్లంలో వెంటనే చంపే వాటికి డెడ్లీ, ఫేటల్, మోర్టల్, లీథల్ వంటి మాటలు పుష్కలంగా ఉన్నాయి. ఒకే పనికి ఇంతమంది ఉన్నప్పుడు వారిలో ఒకరికి వేరే పని అప్పగించడం భాషల స్వభావం. మరోవైపు, మతవాదాల్లోనూ రాజకీయ వివాదాల్లోనూ ఎదుటి పక్షం సిద్ధాంతాలను, పుస్తకాలను, అలవాట్లను పెర్నిషస్ అని తిట్టడం శతాబ్దాల పాటు రివాజుగా సాగింది. సిద్ధాంతం మనిషిని కత్తిలా పొడవదు. దానివల్ల కీడు జరుగుతుందని వాదించేవారు, ఆ కీడు ఇప్పటికిప్పుడు కనబడకపోయినా మున్ముందు తప్పదని వాదించక తప్పదు. మాట ఎక్కువగా ఏ వస్తువుల పక్కన తిరుగుతుందో వాటి స్వభావాన్ని అందిపుచ్చుకుంటుంది. చావు అన్న అర్థం నుంచి నెమ్మదిగా జరిగే చేటు అన్న అర్థానికి పెర్నిషస్ జరగడంలో ఈ రెండో కారణానికే ఎక్కువ పాత్ర ఉందనిపిస్తుంది.

భావాలకూ ఈ మాటకూ ఉన్న జోడీకి న్యాయశాస్త్రంలో పేరున్న ఉదాహరణ ఒకటి ఉంది. 1974లో గెర్ట్జ్ వర్సెస్ రాబర్ట్ వెల్చ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ఒక అభిప్రాయం ఎంత పెర్నిషస్‌గా కనిపించినా దాన్ని సరిదిద్దే పనిని న్యాయమూర్తుల, జ్యూరీల మనస్సాక్షికి వదలక ఇతర భావాలతో పోటీకే వదులుతామని రాసింది. అక్కడ డేంజరస్ అనే మాట వాడి ఉంటే ఇప్పుడే అల్లర్లు రేపే ప్రసంగం గుర్తుకొచ్చేది. పెర్నిషస్ అనడం వల్ల కాలం గడిచే కొద్దీ చెరుపు చేసే భావమన్న ధ్వని వచ్చింది. అలాంటి భావానికి జవాబు చెప్పే వ్యవధి ఉంటుంది కనుక, దాన్ని వాదంతోనే ఎదుర్కోవచ్చన్న కోర్టు తర్కం కూడా ఆ మాటతో పొసిగింది. రాజనీతి శాస్త్రంలో జెన్నిఫర్ మెక్‌కాయ్, మురాత్ సోమర్ వంటివారు ‘పెర్నిషస్ పోలరైజేషన్’ అని పేర్కొన్న పరిణామమూ ఈ కోవదే. ఎన్నికల్లో రెండు పక్షాలు పోటీ పడడం అందులో హాని కాదు. సమాజం మొత్తం ‘మనం, వాళ్లు’ అన్న రెండు శిబిరాలుగా చీలి, ఆ చీలికే తనను తాను పెంచుకుంటూ పోవడం హాని.

శాస్త్రనామాల్లో కూడా ఈ లాటిన్ మాట కుదురుకుంది. 19వ శతాబ్దం చివర కాలిఫోర్నియాలోని శాన్ జోసే ప్రాంతపు పండ్లతోటల్లో ఒక పొలుసు పురుగు బయటపడింది. కీటకశాస్త్రవేత్త జాన్ హెన్రీ కామ్‌స్టాక్ 1881లో దాన్ని వర్ణిస్తూ ‘పెర్నికియోసస్’ అని జాతినామం పెట్టాడు. ఆడ పురుగు మీది పొలుసు అడ్డంగా దాదాపు 2 మిల్లీమీటర్లు ఉంటుంది, బెరడు రంగులోనే కలిసిపోతుంది. పురుగు దాని కింద ఒకే చోట అతుక్కుని రసం పీలుస్తూ ఉంటుంది. ఆకులు తినదు, కాయలు తొలవదు. కొమ్మ ఎండిపోవడం మొదలయ్యాక దగ్గరికి వెళ్లి గోటితో గీరితే తప్ప బెరడంతా పురుగేనని తెలియదు. తర్వాతి వర్గీకరణల్లో ప్రజాతి పేరు ఒకటికి రెండుసార్లు మారినా పెర్నికియోసస్ అన్న రెండో భాగం మాత్రం మారలేదు. తోటపని పుస్తకాల్లో మొండి కలుపును పెర్నిషస్ వీడ్స్ అనడం కూడా పరిపాటే. ఏటా మొలిచి ఏటా చచ్చే కలుపును అలా అనరు. పైన పీకేస్తే నేలలో మిగిలిన వేరుముక్క నుంచి మళ్లీ లేచే బైండ్‌వీడ్ వంటి వాటికే ఆ బిరుదు.

వైద్యంలో ఈ మాట కథ అన్నిటికన్నా లోతైనది. బ్రిటిష్ వైద్యుడు థామస్ ఆడిసన్ 1849లో, కారణం తెలియకుండా రోగిని పాలిపోయేలా చేసి చివరకు బలిగొనే ఒక రకం రక్తహీనత గురించి చెప్పాడు. జర్మన్ వైద్యుడు ఆంటోన్ బీర్మర్ 1872లో దానికి ‘ప్రోగ్రెసివ్ పెర్నిషస్ ఎనీమియా’ అని పేరు పెట్టాడు. బీర్మర్ ఉద్దేశంలో పెర్నిషస్ అంటే ప్రాణాంతకం అనే, లాటిన్ అర్థమే. క్రమంగా ముదురుతుందన్న సంగతిని చెప్పడానికి ‘ప్రోగ్రెసివ్’ అన్న వేరే మాట పక్కన పెట్టాల్సి రావడమే అందుకు సాక్ష్యం. ఆ రోజుల్లో వైద్యులు తీవ్రమైన మలేరియాను కూడా పెర్నిషస్ జ్వరం అనేవారు, అది కొద్ది రోజుల్లోనే ప్రాణం తీసేది. వాడుకలో రక్తహీనత పేరు ముందున్న ప్రోగ్రెసివ్ రాలిపోయింది. అది మోసిన అర్థం మాత్రం రాలిపోలేదు, పక్కనున్న పెర్నిషస్‌లోకి ఇంకింది.

ఆ జబ్బు నడిచే తీరు చూస్తే ఇంకడం ఎంత సహజమో అర్థమవుతుంది. శరీరం తన రోగనిరోధక వ్యవస్థతోనే జీర్ణాశయంలోని కొన్ని కణాలను దెబ్బతీస్తుంది. ఆ కణాలు స్రవించే ఇన్‌ట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ లేకపోతే ఆహారంలోని విటమిన్ బి12 ఒంటికి పట్టదు. అయితే కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా బి12 నిల్వ ఉంటుంది కనుక, సరఫరా ఆగిన సంగతి చాలా కాలం వరకు బయటపడదు. నిల్వ అడుగంటాక నీరసం, పాలిపోవడం, అరికాళ్లలో తిమ్మిరి, చీకట్లో నడిస్తే తూలిపోవడం ఒకటొకటిగా మొదలవుతాయి. 1926లో జార్జ్ మైనట్, విలియం మర్ఫీ ఈ రోగులకు రోజూ పెద్ద మొత్తంలో కాలేయం తినిపిస్తే కోలుకుంటున్నారని ప్రకటించారు. 1934లో జార్జ్ విపుల్‌తో కలిసి వారికి నోబెల్ బహుమతి వచ్చింది. 1948లో బి12ను విడిగా రాబట్టాక ఇంజెక్షన్లతో అదుపు చేయగల జబ్బుగా ఇది మారింది. చంపే గుణం పోయినా పేరు అలాగే ఉంది.

ఇక్కడే ఇంకో మెలిక. 1940ల్లో ఫోలిక్ యాసిడ్ అందుబాటులోకి వచ్చినప్పుడు దాన్ని ఈ రోగులకు ఇచ్చి చూశారు. రక్తం మెరుగుపడింది, ఒంట్లో ఓపిక వచ్చింది, పరీక్షల్లో అంకెలు బాగున్నాయి. కానీ బి12 లోటు తీరలేదు కనుక వెన్నుపాములో నరాల క్షయం ఆగలేదు. పైకి నయమవుతున్నట్టు కనిపించే కాలంలోనే నరాలు కోలుకోలేని దశకు చేరే ప్రమాదం ఏర్పడింది. మందు పనిచేస్తోందన్న నమ్మకమే అసలు లోటును కప్పేసింది. పెర్నిషస్లీ అన్న క్రియావిశేషణం నేటి ఆంగ్లంలో ఏ తీరు హానికి అతికినట్టు సరిపోతుందో చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. కేవలం నెమ్మదిగా జరగడం చాలదు, మేలు జరుగుతున్నట్టో కనీసం అంతా మామూలుగా ఉన్నట్టో ఒక ముసుగు కూడా ఉన్నప్పుడే ఈ మాటకు పూర్తి బలం వస్తుంది.

పక్కనున్న మాటలతో పోల్చి చూస్తే ఈ హద్దులు ఇంకా తేటపడతాయి. మలీషస్లీలో ఉన్నది దురుద్దేశం. హాని పెద్దగా జరగకపోయినా, జరపాలన్న తలంపు ఉంటే చాలు. పెర్నిషస్లీకి తలంపుతో పనిలేదు. సదుద్దేశంతో చేసిన చట్టం కూడా పెర్నిషస్లీ పనిచేయవచ్చు, మందు సంగతి పైన చూశాం. ఇంజూరియస్లీలో ‘యూస్’, అంటే హక్కు లేదా న్యాయం అన్న లాటిన్ మాట దాగి ఉంది. అందుకే అది న్యాయపత్రాల్లో ఎక్కువ కనిపిస్తుంది. 1845 నాటి బ్రిటిష్ భూసేకరణ చట్టంలో రైలుమార్గాల వంటి పనుల వల్ల ‘ఇంజూరియస్లీ అఫెక్టెడ్’ అయిన భూమికి పరిహారం ఇవ్వాలని రాశారు. లెక్కగట్టి చెల్లించదగిన నష్టం అది. పెర్నిషస్లీ అని రాసి ఉంటే ఎంత చెల్లించాలో తేల్చడం ఎవరి తరమూ కాదు. డెట్రిమెంటలీ మూలం అరగదీయడం, రాచి పలచన చేయడం అన్న క్రియ. తగ్గుదలను, కోతను చెప్పడానికి అది తగినది. అడ్వర్స్‌లీ వీటన్నిటిలో ఉద్వేగం లేనిది, ఎదురుగా తిరిగినది అని మాత్రమే చెబుతుంది. అందుకే పరిశోధన నివేదికలు రాసేవారికి అది ఇష్టం.

అసలు చిక్కు ఇన్‌సిడియస్లీతో వస్తుంది. వార్తల్లో, వ్యాసాల్లో ఈ రెంటినీ ఒకదానికి బదులు ఇంకొకటి వాడడం తరచుగా కనిపిస్తుంది. ఇన్‌సిడియస్లీ మూలం లాటిన్‌లో మాటువేసి కూర్చోవడం. చాప కింద నీరులా అన్న తెలుగు నుడికారం దీనికి చక్కగా సరిపోతుంది, ఎందుకంటే ఆ నుడికారం కూడా తెలియకుండా రావడాన్నే చెబుతుంది తప్ప వచ్చాక ఏం చేసిందో చెప్పదు. పెర్నిషస్లీ తెలియకుండా రావడంతో ఆగదు, చివర వినాశనం ఉందని హెచ్చరిస్తుంది. ఒక జబ్బు ఇన్‌సిడియస్లీ మొదలై ఏ హానీ చేయకుండా తగ్గిపోవచ్చు. పెర్నిషస్లీ ముదిరిన జబ్బు అలా తగ్గదు. ఒకటి రాకను వర్ణిస్తుంది, రెండోది పర్యవసానాన్ని. రెండూ కలిసి నడిచే సందర్భాలు ఎక్కువ కావడం వల్లే గందరగోళం.

వాక్యంలో ఈ క్రియావిశేషణం ఎక్కడ కూర్చుంటుందన్నదీ గమనించాలి. కాలం పట్టే పనుల్ని చెప్పే క్రియల పక్కనే ఇది ఇముడుతుంది. పనిచేయు, వ్యాపించు, ప్రభావితం చేయు, పాతుకుపోవు, కొనసాగు వంటివి అలాంటి క్రియలు. రాయి పెర్నిషస్లీ తగిలింది అనో, గాజు పెర్నిషస్లీ పగిలింది అనో ఎవరూ అనరు, అంటే వినేవాడు నవ్వుతాడు. ఒక్క క్షణంలో ముగిసే పనికి ఈ మాట పట్టదు. క్రియ ముందు వచ్చినప్పుడు హాని జరిగే తీరును వర్ణిస్తుంది, వాక్యం మొదట్లో కామాతో విడిగా వచ్చినప్పుడు మాత్రం రాసినవారి తీర్పుగా మారుతుంది. ఉదాహరణకు, మరణాల రేటును బట్టి శస్త్రవైద్యుల సామర్థ్యాన్ని కొలిచే పద్ధతి ఒకటి ఉందనుకుందాం. ‘ఈ కొలమానం పెర్నిషస్లీ పనిచేస్తుంది’ అంటే అది క్రమంగా వైద్యుల ఎంపికలను చెడగొడుతోందన్న వర్ణన. ‘పెర్నిషస్లీ, ఈ కొలమానం బాగా జబ్బుపడినవారిని వదిలేసిన వైద్యుడికే మంచి మార్కులు వేస్తుంది’ అంటే, ఇందులోని దుర్మార్గం ఇదీ అని రచయిత వేలెత్తి చూపడం. రెండో వాడుక వాదనకు పదును ఇస్తుంది కానీ, ప్రతి పేరాలో వాడితే ఆ పదును మొద్దుబారుతుంది. మొత్తం మీద విశేషణంతో పోలిస్తే క్రియావిశేషణం ఆంగ్లంలో చాలా అరుదు. ‘పెర్నిషస్ ప్రభావం’ అనడం వారికి తేలిక, ‘పెర్నిషస్లీ ప్రభావితం చేసింది’ అనడం కాస్త బరువు.

తెలుగులో దీనికి ఒకే స్థిరమైన సమానార్థకం వెతకడం వృథా. పాత సాహిత్యంలో చావును కోరే ద్వేషం, చావును తెచ్చే పన్నాగం అన్న సందర్భాల్లో ‘ప్రాణాంతకంగా’, ‘వినాశకరంగా’ అన్నవే సరైనవి, ‘నశ్’ ధాతువు వాటిలో ఒకదానిలో ఎలాగూ ఉంది. నేటి వ్యాసాల్లో, నివేదికల్లో వచ్చినప్పుడు ‘లోలోపల చెరుస్తూ’, ‘గుట్టుగా గుల్ల చేస్తూ’, ‘క్రమక్రమంగా నాశనం చేసే తీరున’ వంటి క్రియాపూర్వకమైన మాటలు ‘హానికరంగా’ కన్నా మేలు. తెలుగులో తీరును చెప్పే పని క్రియావిశేషణం కన్నా అసమాపక క్రియ బాగా చేస్తుంది, ఈ మాట విషయంలో అది మరీ నిజం. నిదానంగా సాగే వినాశనాన్ని మెట్టుమెట్టుగా చూపిన ప్రసిద్ధ వాక్యం భగవద్గీత రెండో అధ్యాయం చివర్లో ఉంది. విషయాల్ని తలపోయడం నుంచి సంగం, కామం, క్రోధం, సమ్మోహం, స్మృతి చెదరడం, బుద్ధి నశించడం మీదుగా సాగి, ఆఖరి మెట్టు ‘ప్రణశ్యతి’ అన్న క్రియతో ముగుస్తుంది. ఆ క్రియలో ఉన్న ధాతువు ఇదే.

వ్యాధి పేరులో మాత్రం అనువాదానికి పూనుకోకపోవడమే మంచిది. ‘ప్రాణాంతక రక్తహీనత’ అని రాస్తే లాటిన్‌కు న్యాయం జరుగుతుంది కానీ, ఇంజెక్షన్‌తో మామూలుగా బతుకుతున్న రోగి ఆ కాగితం చదివి బెంబేలెత్తిపోతాడు. వైద్యులు రోగులతో మాట్లాడేటప్పుడు పెర్నిషస్ ఎనీమియా అని తెలుగు లిపిలో ఉన్నదున్నట్టు చెప్పి, బి12 ఒంటికి పట్టకపోవడం వల్ల వచ్చే రక్తహీనత అని వివరిస్తే సరిపోతుంది.